బొమ్మ వచ్చిన రాత్రి

రాత్రి తొమ్మిదింపావుకి
ఏడు రోడ్ల కూడలి దాటుకుని
శ్రీకాకుళంలో మా కాలేజీ గేటు ముందు ఆగిందొక ఆటో.
వెనక సీట్లో దుప్పటి కప్పుకున్న ఆకారాన్ని చూసి
వాచ్‌మన్ ఎర్రయ్య చెయ్యూపాడు:
"ఆసుపత్రి అటేపు బావూ."

రోగి కాదు, బొమ్మ.
రేపటి ఇన్‌స్పెక్షన్‌కి అద్దెకొచ్చిన
నిలువెత్తు రబ్బరు మనిషి.

దుప్పటి తీయగానే గుర్తుపట్టాను.
ఎడమ మోచేతి కింద
నాలుగేళ్ల కిందట విజయనగరంలో
నేనే అంటించిన ప్లాస్టర్ ముక్క.
అక్కడికీ ఇలాగే ఒక్కరోజు చుట్టంలా వచ్చింది.
బొబ్బిలిలో చూశామన్నారు, రాజాంలోనూ చూశారట.
రెండు జిల్లాల నర్సింగ్ పిల్లలందరిలోకీ
ఎక్కువ కాలేజీలు తిరిగింది ఇదే.

"ఎవర్నీ ముట్టుకోనివ్వకండి మేడం,
గీత పడితే డిపాజిట్ పోతుంది"
అని ప్రిన్సిపాల్ తాళం నా చేతిలో పెట్టారు.
అబద్ధమెందుకు,
ల్యాబ్ లైటార్పి, తాళమేసి
ఇంటికి పోదామనే అనుకున్నాను.

మెట్ల దగ్గర సవర సుమిత్ర నిలబడి ఉంది,
సీతంపేట కొండల మీది పిల్ల, రెండో సంవత్సరం.
చేతిలో ప్రాక్టికల్ రికార్డు.
ముక్కు గొట్టం వేయడం:
ఐదు వరుసలు, ఐదు తేదీలు,
ఎక్కడా పుట్టని ఐదుగురు రోగులు,
పక్కన ఐదు సంతకాలు. అవి నావి.
"ఒక్కపాలి నిజంగా ఏత్తాను మేడం" అంది.

తాళం తిరిగిన చప్పుడు
హాస్టల్ దాకా ఎలా వినబడిందో!
అర్ధరాత్రికి ఇరవై ఎనిమిది మంది
చెప్పులు బయట విడిచి వరసలో నిలబడ్డారు.
ముప్పై నొక్కులు, రెండు శ్వాసలు.
మళ్ళీ ముప్పై.
ముక్కు కొన నుంచి చెవి తమ్మెకి,
అక్కణ్నుంచి రొమ్ము ఎముక చివరికి
గొట్టం కొలిచి, గుర్తు పెట్టి, జిడ్డు రాసి…
బెవర నీలవేణి తొందరపడి
ఊపిరి దారిలోకి పంపేసింది.
"ఇప్పుడు ఇతన్ని చంపేశావు" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
తీసి మళ్ళీ. తీసి మళ్ళీ.

నాలుగు గంటలకనుకుంటాను,
సుమిత్ర బొమ్మ నుదుటి మీద చెయ్యి వేసి
"అయిపోనాది తాతా, ఇంకేటీ నొప్పెట్టదు" అంది.
నేను పదకొండేళ్లుగా చెబుతున్న పాఠాల్లో
ఆ మాట లేదు.
మార్కులెయ్యడానికి గడీ లేదు.

పొద్దున వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ
బొమ్మ ముక్కు చుట్టూ జిడ్డు చూసింది,
ఛాతీ మీద అరచేతుల ముద్రలు చూసింది,
"బాగా వాడుతున్నారే" అని రాసుకుంది.
ప్రిన్సిపాల్ ముఖం వెలిగింది.
నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
ఆ ఫైలు మొత్తంలో నిజం ఆ ఒక్క ముక్కే,
దాని వయసు ఒక్క రాత్రి.

సాయంత్రానికి ఆటో వచ్చింది, బొమ్మ వెళ్ళింది.
గీతలకి ఆరొందలు
నా జీతంలో కోశారు.
ఇంత చవగ్గా నేనెప్పుడూ ఏదీ నేర్పలేదు.

ఇప్పుడు టేబుల్ మీద ఇరవై ఎనిమిది రికార్డులు.
ఎర్ర పెన్నుతో
నా సంతకాలు నేనే కొట్టేసుకుంటున్నాను,
పక్కన "ఇది నేను చూడలేదు" అని రాస్తూ.
పెద్దాసుపత్రికి ఉత్తరం కూడా రాశాను,
వారానికి రెండు రాత్రులు
మా పిల్లల్ని వార్డులో నిలబడనివ్వండి,
పక్కన నేనుంటాను అని.
జవాబు లేదు.
ప్రిన్సిపాల్ గది నుంచి మాత్రం
రెండుసార్లు కబురొచ్చింది.

వెళ్తాను.
ముందు సుమిత్ర రికార్డు పూర్తి కానీ.
తేదీ: నిన్న రాత్రి.
రోగి పేరు: బొమ్మ.
ఎన్నిసార్లు: మూడు. రెండు తప్పు, ఒకటి ఒప్పు.
ఇక్కడ పెడతాను సంతకం.